హైపర్‌వైజర్ ఒక్కటే బాగుంటే చాలదు

ఒకే సర్వర్‌ను చాలా వర్చువల్ మెషీన్లుగా పంచి నడపడమే వర్చువలైజేషన్, ఆ పని చేసే సాఫ్ట్‌వేరే హైపర్‌వైజర్. ఈ రంగంలో పెద్ద కంపెనీ వీఎంవేర్ 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ కంపెనీ చేతికి వెళ్లింది. నెల తిరక్కుండానే శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆగిపోయింది. కస్టమర్లు వేరే దారి వెతుక్కుంటారు కాబట్టి ఇక చిన్న వర్చువలైజేషన్ కంపెనీల పంట పండినట్టేనని చాలామంది లెక్కలు వేశారు. కానీ ఆ చిన్న కంపెనీలకు ఎంక్వైరీలు వచ్చినంత తేలిగ్గా ఆర్డర్లు రావు. అందుకు వాటి సరుకును తప్పుపట్టడం అన్యాయం.

ఇంజిన్, అంటే హైపర్‌వైజర్ సంగతి ఎప్పుడో తేలిపోయింది. కేవీఎం అనే హైపర్‌వైజర్ 2007లోనే లినక్స్ కెర్నెల్‌లో, అంటే ఆ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయలో చేరింది. పెద్ద క్లౌడ్‌లు కూడా దాని మీద నడుస్తున్నాయి. వియన్నాలోని చిన్న కంపెనీ ప్రాక్స్‌మాక్స్‌కూ అదే ఆధారం. చిక్కంతా ఇంజిన్ చుట్టూ ఉన్నవాటితోనే.

బ్యాకప్‌నే తీసుకోండి. పది టెరాబైట్ల డిస్కులో రోజుకు వంద గిగాబైట్లు మారాయనుకుందాం. డిస్కులో ఏ బ్లాకులు (చిన్న ముక్కలు) మారాయో హైపర్‌వైజర్ చెబితే బ్యాకప్ సాఫ్ట్‌వేర్ ఆ వందే చదువుతుంది. చెప్పకపోతే ప్రతి రాత్రీ పది టెరాబైట్లూ చదవాలి, తెల్లారేలోగా పని అవదు. ఈ సమాచారం అడిగే పద్ధతి ఒక్కో హైపర్‌వైజర్‌కూ ఒక్కోలా ఉంటుంది. అంటే చిన్న కంపెనీ కోసం బ్యాకప్ కంపెనీ ప్రత్యేకంగా కోడ్ రాయాలి. ప్రాక్స్‌మాక్స్ హైపర్‌వైజర్ 2008 నుంచి ఉంది, బ్యాకప్ కంపెనీ వీమ్ దానికి సపోర్ట్ ఇచ్చింది 2024లో. పదహారేళ్లు!

మెషీన్లను పాత హైపర్‌వైజర్ నుంచి కొత్తదానికి తరలించేటప్పుడు ఇంకో టెన్షన్. కేవీఎంలో వర్చువల్ డిస్కులకు వాడే పద్ధతి పేరు వర్టయో. వర్టయో డ్రైవర్ ముందే వేయకుండా విండోస్ సర్వర్‌ను వర్టయో డిస్కు మీదికి మారిస్తే, అది బూట్ డిస్కు కనబడక నీలి తెర చూపించి ఆగిపోతుంది. డ్రైవర్ వేస్తే సరిపోతుంది, నిజమే. కానీ వందల సర్వర్లున్న చోట, శనివారం రాత్రి దొరికిన నాలుగు గంటల్లో ఆ పని ఎవరు చేస్తారు? దీనికితోడు మైక్రోసాఫ్ట్, శాప్ లాంటి సాఫ్ట్‌వేర్ సంస్థలు తాము ఒప్పుకునే హైపర్‌వైజర్లకు ఇచ్చే ధ్రువీకరణ జాబితాలు. అందులో పేరు లేకపోతే డెమో ఎంత బాగున్నా కొనుగోలు విభాగం ఫైలు కదపదు.

ఆసుపత్రి డేటాబేస్ అర్ధరాత్రి ఆగిపోతే దిక్కెవరని కొనేవాళ్లు భయపడతారు. ఆ భయం న్యాయమైనదే. అయితే సపోర్ట్ సిబ్బందిని చిన్న కంపెనీ పెంచుకోగలదు. బ్యాకప్ కంపెనీలాంటి పక్క కంపెనీ తన కోసం కోడ్ రాసేలా చేయడం మాత్రం దాని చేతిలో లేదు.

అందుకే దీన్ని మార్కెట్‌కు వదిలేయకూడదు. వర్చువల్ మెషీన్‌ను ప్యాక్ చేసి పంపే ఓవీఎఫ్ అనే ఫార్మాట్ 2011లో అంతర్జాతీయ ప్రమాణమైంది. కానీ మారిన బ్లాకుల లెక్క అడిగే పద్ధతి అందులో లేదు. ప్రజల సొమ్ముతో సర్వర్లు కొనే ప్రతి ప్రభుత్వమూ, హైపర్‌వైజర్ కంపెనీ ఆ లెక్క అడిగే ఇంటర్‌ఫేస్‌ను అందరికీ తెరిచి, పత్రాలతో సహా ప్రచురించాలని టెండరులోనే షరతు పెట్టాలి. ఆ షరతుకు ఒప్పుకోని కంపెనీని, అది ఎంత పెద్దదైనా సరే, బిడ్డింగ్‌కు రానివ్వకూడదు.