నల్ల కవరు గారికి నమస్కరించి రాయునది

అయ్యా,

ఇక్కడ మేము క్షేమం. మీరు మెడికల్ షాపు కౌంటరు కింద క్షేమంగానే ఉంటారని నిన్న రాత్రే చూశాను.

దగ్గు మందుకొచ్చిన ఎదురింటి మామ్మగారు వెళ్లేదాకా నేను ఓఆర్ఎస్ ప్యాకెట్ల ధరలు చదువుతూ నిలబడ్డాను. తర్వాత గొంతు తగ్గించి కండోమ్ ప్యాకెట్ అడిగితే, ఆ అబ్బాయి ఏ రకమో, ఏ సైజో అడగలేదు. పాత పేపర్లో చుట్టి, మీలో పడేసి, ముడి వేసి, దొంగ బంగారంలా ఇటు తోశాడు. పక్కాయన బీపీ మాత్రలు మాత్రం తెల్ల కవర్లో దర్జాగా వెళ్లాయి. మీ రంగు చూస్తే లోపలేముందో వీధి వీధంతా చెప్పేస్తుంది. అయినా దాస్తున్నాననే మీ నమ్మకం ముచ్చటేస్తుంది.

ఇంట్లో విప్పితే గడువు దాటి నాలుగు నెలలు! మార్చమని వెళ్తే "ముడి విప్పేశారు కదా సార్" అన్నాడు. ఈసారి గట్టిగా, నలుగురికీ వినిపించేలా.

ఆ కోపంలో, పెళ్లయిన ఆరేళ్లకి, ప్యాకెట్ మీదున్నదంతా మొదటిసారి చదివాను. వేడి తగలకూడదట. నేను దాచింది స్కూటీ డిక్కీలో, మే నెల విజయవాడలో. కొబ్బరినూనె తగిలితే లేటెక్స్ రబ్బరు చిరుగుతుందట. కొన నొక్కి గాలి తీశాక తొడగాలట. రెండు తొడిగితే డబుల్ సేఫ్టీ అన్న మా హాస్టల్ సీనియర్ ఇప్పుడు ముగ్గురు పిల్లల తండ్రి. సరిగ్గా వాడితే ఏడాదిలో 100 మందిలో 2 ఆడవాళ్లకే గర్భం వస్తుంది, మనలా వాడితే 13 మందికి. ఆ 11 మందిలో మీ వాటా ఎంతండీ?

1968లో ప్రభుత్వం తన నిరోధ్ కండోమ్‌ని ఒక్కోటి 5 పైసలకి మామూలు కొట్లలోనే అమ్మించింది. అప్పటికి మీరింకా పుట్టలేదు.

మా అత్తగారేమో "ఇదంతా ఎందుకే, ఆపరేషన్ చేయించేసుకో" అని కూతురికి చెప్తోంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రాలో పెళ్లయిన ఆడవాళ్లలో 100కి దాదాపు 70 మంది ఆ పని చేయించుకున్నవాళ్లే. కండోమ్ లెక్క నూటికి ఒక్కటి కూడా లేదు. మా ఆవిడ కడుపు కోయించుకోవాలి, నేను పొట్లం పట్టుకోడానికి సిగ్గుపడాలి! ఛీ, నీ ముడి తగలెయ్య.

రేపు చేత్తో పట్టుకునే వస్తాను. మామ్మగారు ఎదురైతే... మీరు మాత్రం ఆ కౌంటరు దగ్గరే ఉండండి, మరీ దూరం వెళ్లకండి.

ఇట్లు,
ముడి విప్పిన కస్టమరు