టక్ టక్ దొరకు బహిరంగ లేఖ

ఇంజన్‌లోకి టర్బో నొక్కి పంపే గాలి ఒత్తిడికి, అనగా బూస్ట్‌కు, హద్దు పెట్టే కరెంటు వాల్వు అయిన మహారాజశ్రీ బూస్ట్ కంట్రోల్ సాలినాయిడ్ దొరవారి సముఖమునకు, నల్గొండ నుంచి తమరిని కొనుక్కున్న పాపాత్ముడు నమస్కరించి వ్రాసుకొను విన్నపము.

ఉభయకుశలోపరి. ఇక్కడ టర్బో క్షేమం, పిస్టన్లు క్షేమం. అది తమరి చలవ కాదు. బయటి నుంచి తెచ్చి పెట్టుకున్న ఈసీయూలో (ఇంజన్‌ను నడిపే కంప్యూటర్), బూస్ట్ హద్దు దాటితే పెట్రోలు ఆపే ఓవర్‌బూస్ట్ కట్ పెట్టి ఉంచినందువల్ల. నిన్న ఆదివారం మధ్యాహ్నం దేవరకొండ రోడ్డు మీద మూడో గేర్లో యాక్సిలరేటర్ తొక్కితే, 160 కిలోపాస్కల్స్ దగ్గర నిలవాల్సిన బూస్ట్ 210 దాటింది. ఈసీయూ ఠక్కున పెట్రోలు ఆపేసింది. కార్లో ఉన్నవాళ్ళ తలకాయలన్నీ ఒక్కసారి డ్యాష్‌బోర్డుకు దండం పెట్టినయి. ఆ సమయంలో తమరికి ఇచ్చిన డ్యూటీ, అంటే కరెంటు ఇచ్చే సమయం వాటా, ఎంతో గుర్తుందా? సున్నా శాతం. దొరవారు విశ్రాంతి తీసుకోండి అని చెప్పిన పూటే ఇంత పని చేసిపెట్టినారు.

వైరింగ్ విషయంలో తమరి మీద ఏ ఫిర్యాదూ లేదు. రెండే వైర్లు, రెండూ నలుపే. ఏది ఎటు పెట్టినా తమరికి పట్టింపు లేదు, కాయిల్ కదా. ఒకటి ఫ్యూజు దాటి వచ్చిన 12 వోల్టులకు, ఇంకొకటి ఈసీయూకు. ఎర్త్ ఇచ్చేది ఈసీయూనే, సెకనుకు 30 సార్లు ఇచ్చి తీసుకుంటుంది. ఆ రెండో వైరు తీసుకుపోయి బాడీకి బిగిస్తే, తాళం తిప్పినప్పటి నుంచీ తమరు నిండు డ్యూటీలోనే ఉంటారని మాకూ తెలుసు. అట్లా బిగించలేదు. మీటరు పెడితే 27 ఓంలు, వంక పెట్టడానికి లేదు. ల్యాప్‌టాప్‌లో టెస్ట్ బటన్ నొక్కితే టక్ టక్ టక్ టక్. ఎంత ముచ్చటగా కొట్టుకున్నారో!

ఆ టక్ టక్ విన్న ప్రతివాడూ తమరికి కాండక్ట్ సర్టిఫికెట్ ఇచ్చి పోయిండు. "అన్నా, సాలినాయిడ్ మంచిగనే కొట్టుకుంటుంది, దాన్ని ముట్టకు" అన్నడు వైరింగ్ చేసిన తమ్ముడు. ఇంకేముంది, అనుమానమంతా మిగతా అమాయకుల మీద పడ్డది. టర్బోను తిప్పే పొగను పక్కకు వదిలి బూస్ట్ తగ్గించే వేస్ట్‌గేట్ ఇరుక్కుందేమోనని, గాలి ఒత్తిడితో దాన్ని తెరిచే యాక్చుయేటర్‌కు సైకిల్ పంపుతో గాలి కొట్టి చూసినం. కడ్డీ నిక్షేపంగా కదిలింది. బూస్ట్ కొలిచే మ్యాప్ సెన్సర్ అబద్ధమాడుతుందేమోనని ఇంజన్ ఆపి, తాళం ఆన్‌లో ఉంచి చూసినం. 96 అన్నది. సముద్రమట్టానికి ఎత్తున ఉన్న నల్గొండలో మామూలు గాలి ఒత్తిడి దాదాపు అంతే ఉంటది, పాపం అది నిజమే చెప్తుంది. దాని ఎర్త్‌ను బాడీకి కాకుండా ఈసీయూ సెన్సర్ ఎర్త్‌కే ఇచ్చినం, లేకుంటే రేడియేటర్ ఫ్యాన్ తిరిగినప్పుడల్లా అంకె గెంతులేస్తుండె. ఇంజన్ నీళ్ళ వేడి కొలిచే కూలెంట్ సెన్సర్‌కు వేరే ఉత్తరం బాకీ ఉంది. కనెక్టర్ సగమే కూసున్నదని, మే నెల నల్గొండలో మైనస్ 40 డిగ్రీలు చూపించింది. ఆ మాట నమ్మి ఈసీయూ పెట్రోలు కుమ్మరిస్తే ప్లగ్గులు నల్లగ తడిసినయి. పోనీ, అది దొంగతనం చేసినా దొరికేటట్టు చేస్తది. నీ లెక్క టక్ టక్‌మని భజన చెయ్యది.

నువ్వు అనే మాట నోట్లోంచి వచ్చేసింది. రానీ.

వైర్లు ఎటు పెట్టినా పట్టింపు లేదంటివి. మరి రంధ్రాల దగ్గర ఎందుకు ఇంత నీలుగుడు? మూడు నాజిల్స్, మూడూ ఒక్క తీరు, ఒక్క సైజు, ఒక్కటే ఇత్తడి రంగు. పక్కన 1, 2, 3 అని అంకెలున్నయి. ఎక్కడున్నయి? బ్రాకెట్ కిందికి పోయే పక్కన, ఆవగింజంత, నలుపు మీద నలుపు. ఫోన్ టార్చి ఏటవాలుగ పట్టి, అద్దాలు నెత్తి మీదికి తోసి, కన్ను దాని మీద ఆనిస్తే తప్ప కనిపించవు. డబ్బాలో నీతో వచ్చిన కాగితం మాత్రం పెద్ద పెద్ద అక్షరాల్లో ఉంది: 1 టర్బోకు, 2 యాక్చుయేటర్‌కు, 3 బయటి గాలికి. కాగితం చెప్పింది చెప్పినట్టే పైపులు పెట్టినం.

పొద్దుగూకే యాళ్ళకు పక్క షెడ్డు కాక వచ్చిండు. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో ఏండ్లకేండ్లు కంప్రెసర్లు, గాలి వాల్వులు చూసిన మనిషి. ఈసీయూ అంటే ఏందని కూడా అడగలే. నిన్ను ఊడబీకి, వైర్లు తీసేసి, భుజం మీది తువ్వాలతో తుడిచి, 2 నంబరు నాజిల్ నోట్లో పెట్టుకుని ఊదిండు. 3లోంచి గాలి బుస్సుమన్నది. 1 దగ్గర వేలు పెట్టిండు, తీసిండు, ఏమీ లేదు.

"బిడ్డా, కరెంటు లేనప్పుడు ఇది రెండును మూడుతోని కలుపుకొని కూసుంటది. నువ్వేమో మూడును గాలికి ఇడిసిపెడితివి. టర్బో గాలి ఒకటి కాడ్నే ఆగిపాయె. ఇగ ఆ గేటుకు ఎవడు చెప్పాలె తెరువుమని?"

సంగతి ఇది. మీ గాలి వాల్వుల కులంలో 1 అంటే లోపలికొచ్చే గాలి, 2 పనికి పోయే గాలి, 3 బయటికి. మిల్లులో కరెంటు పోతే గాలి ఆగాలె, మనిషి చెయ్యి మిషన్లో నలగకుండ ఉండాలె. కారులో అంతా తలకిందులు. కరెంటు పోయినా గాలి యాక్చుయేటర్‌కు చేరి తీరాలె. అప్పుడే వేస్ట్‌గేట్ తెరుచుకుని, బూస్ట్ యాక్చుయేటర్ స్ప్రింగు బలం దగ్గరనే ఆగుతది. అంటే 3 టర్బోకు, 2 యాక్చుయేటర్‌కు, 1 బయటి గాలికి. ఆ కాగితం రాసినోడు మిల్లు లెక్క తెచ్చి ఇంజన్‌కు అంటించిండు. వాడు అంటిస్తే నువ్వు కిక్కురుమనలే. ఒక్క ఫ్యూజు పోయినా, ఒక్క పిన్ను వదులైనా బూస్ట్‌కు హద్దు ఉండదని నీకు తెల్వదా? ఓవర్‌బూస్ట్ కట్ పెట్టుకోనోడి గతేంది? పిస్టన్ పగిలితే, ఇంజన్ హెడ్డు విప్పితే, పైసలు నీ అయ్య ఇస్తడా? లోపల ఇంత లంగతనం పెట్టుకొని బయటికి టక్ టక్‌మనుడు ఒకటి! కరెంటు వస్తే కొట్టుకునుడు ఏ కాయిల్ అయినా చేస్తది. గాలి ఎటు పోతుందో చెప్పరా అంటే చెప్పవు.

ఇయ్యాల పొద్దున నిన్ను పక్కకు పెట్టి, టర్బో నుంచి యాక్చుయేటర్‌కు నేరుగా ఒక పైపు వేసి అదే రోడ్డు మీద తిప్పినం. 160. కాక చెప్పినట్టు నిన్ను నడిమిట్ల కలిపి, సున్నా డ్యూటీలో తిప్పినం. మళ్ళ 160. డ్యూటీ 35 చేస్తే మెల్లగ 175కు ఎక్కి, రెడ్‌లైన్ దాక గీత గీసినట్టు నిలబడ్డవు. పని వచ్చు నీకు, కాదనను. గ్రాఫు చూసి తమ్ముడు ఈల కూడ వేసిండు.

ఇంట్ల అడిగి గోళ్ళరంగు తెచ్చి నీ 3 నంబరు నాజిల్‌కు ఎర్ర చుక్క పెట్టిన. అది పెట్టనీకి నాకు ఒక్క నిమిషం పట్టలే. మీ ఫ్యాక్టరీలో అంత తీరిక దొరకలేదంటే నేను నమ్మ.

ఇట్లు,
హెడ్డు విప్పే ఖర్చు తప్పించుకున్న నల్గొండ వాసి

తా.క.: ఆ కాగితం చింపేద్దామనుకునే లోపల కాక మడతబెట్టి జేబుల పెట్టుకున్నడు. మిల్లు వాల్వులకైతే అది అక్షరాల కరెక్టేనట.