పూతకు ప్రారంభోత్సవం, ప్రోటీన్లకు సన్మానం

సన్నని గొట్టంలో విద్యుత్తుతో ప్రోటీన్లను విడదీసే కేపిలరీ ఎలక్ట్రోఫోరెసిస్ కోసం, గొట్టం లోపలి గోడకు కొత్త పాలిమర్ పూత కనిపెట్టామని పరిశోధన పత్రం వెలువడితే చాలు, అందులోని ప్రధాన చిత్రం ఎలా ఉంటుందో కళ్లు మూసుకుని చెప్పేయవచ్చు. సన్నగా, నిటారుగా నాలుగు పీక్‌లు, అంటే ఒక్కో ప్రోటీన్ డిటెక్టర్‌ను దాటినప్పుడు గ్రాఫ్‌లో లేచే శిఖరాలు. వాటి మీద పేర్లు: లైసోజైమ్, సైటోక్రోమ్ సి, రైబోన్యూక్లియేజ్ ఎ, కైమోట్రిప్సినోజెన్. కింద ‘అద్భుతమైన స్థిరత్వం’ అనే బిరుదు.

జబ్బు పాతదే. 50 మైక్రాన్ల సిలికా గొట్టం గోడ మీది సిలనోల్ సమూహాలు పీహెచ్ 3 దాటినప్పటి నుంచి రుణావేశం పెంచుకుంటూ పోతాయి, ధనావేశమున్న ప్రోటీన్లు వెళ్లి దానికి అతుక్కుంటాయి, పీక్‌లకు తోకలు మొలుస్తాయి. 1985లో స్వీడన్ శాస్త్రవేత్త స్టెలన్ యెర్టెన్ గోడకు పాలిఅక్రిలమైడ్‌ను రసాయన బంధంతో కట్టి దారి చూపించారు. అది పని. ఆ తర్వాత ఎక్కువగా జరుగుతున్నవి ప్రారంభోత్సవాలు.

వేదిక మీదికి ముందుగా లైసోజైమ్ గారు. 129 అమైనో ఆమ్లాలు, నాలుగు డైసల్ఫైడ్ బంధాలు, గట్టి ఒళ్లు. ఐసోఎలక్ట్రిక్ పాయింటు (నికర ఆవేశం సున్నా అయ్యే పీహెచ్) 11 దగ్గర, కాబట్టి ఎప్పుడు చూసినా ధనావేశంతో కళకళలాడుతూ ఉంటారు. వెనకే మిగతా ముగ్గురు, వారూ క్షార స్వభావులే. పూత కూడా ధనావేశమున్న పాలిబ్రీన్ లాంటిదైతే ఇక చెప్పేదేముంది! గోడా ధనమే, అతిథులూ ధనమే. ఒకరినొకరు తాకకుండా దూరం నుంచే నమస్కరించుకుని హుందాగా సాగిపోతారు. దాన్ని ‘అధిశోషణను (గోడకు అతుక్కోవడాన్ని) సమర్థంగా నివారించాం’ అని రాస్తారు. మరి ఆల్బుమిన్‌ను ఎందుకు పిలవలేదు? పీహెచ్ 7లో దానిది రుణావేశం కదా, వస్తే గోడను కౌగిలించుకుని సభ రసాభాస చేస్తుంది. సీరం, కణాల సారం వంటి మురికి జనానికి గేటు దగ్గరే ఆపుదల.

స్థిరత్వం సంగతి సరేసరి. ఒకే కేపిలరీలో, ఒకే ఆమ్ల బఫర్‌తో, వరుస పరుగుల్లో ప్రోటీన్ డిటెక్టర్‌ను చేరే సమయంలో తేడా ఒక శాతం లోపే. ఇంకో కేపిలరీకి పూత పూస్తే ఏమైంది? పీహెచ్ 9కి పెంచితే, మధ్యలో సోడియం హైడ్రాక్సైడ్‌తో కడిగితే, పూతను గోడకు కట్టడానికి సైలేన్ అనే సిలికాన్ రసాయనంతో వేసిన ముడి ఎంతకాలం నిలిచింది? మౌనం.

ఇంతవరకు నవ్వుకోవచ్చు. నవ్వలేనిది ఒకటుంది. గోడకు అతుక్కుని కదలకుండా ఉండిపోయిన ప్రోటీన్ డిటెక్టర్ దాకా రాదు. రానిదానికి పీక్ ఉండదు, తోకా ఉండదు. చిత్రం ఇంకా శుభ్రంగా కనిపిస్తుంది! ఎంత పంపారు, ఎంత బయటికొచ్చింది అన్న లెక్క రాయకుండా పీక్ అందం చూపించడం మోసం. కావాలని చేసినా, బద్ధకంతో చేసినా మోసమే. మందుగా మనుషుల ఒంట్లోకి ఎక్కించే యాంటీబాడీల్లో ఆవేశం మారిన రూపాలు ఎంత శాతమో ఈ పద్ధతితో కూడా తేలుస్తారు. వాటిలో ఒకటి గోడకే ఉండిపోతే నివేదికలో దాని వాటా తగ్గిపోతుంది, కాగితం మీద మందు స్వచ్ఛమైపోతుంది.

పైగా ఈ లెక్కకు కొత్త యంత్రమేమీ అక్కర్లేదు. అదే నమూనాను ఒకసారి డిటెక్టర్‌కు దూరంగా ఉన్న కొన నుంచి, ఇంకోసారి ధ్రువాలు మార్చి డిటెక్టర్‌కు దగ్గరి కొన నుంచి పంపి, పీక్ వైశాల్యాన్ని అది డిటెక్టర్‌ను చేరడానికి పట్టిన కాలంతో భాగించి పోల్చితే దారిలో ఎంత పోయిందో తెలిసిపోతుంది. ఒక పూట పని. ఆ అంకె లేని పత్రాన్ని నేను రెండో పేజీ కూడా తిప్పను.