కొట్టివేతలు కూడా కావాలి

అమెరికాలో మా ఊరి తెలుగు బడిలో ఏళ్ళ తరబడి ఆదివారం పొద్దున్నే వచ్చి పిల్లల చేత గుణింతాలు దిద్దించిన టీచరుగారికి మొన్న ఉగాది సభలో సన్మానం జరిగింది. శాలువా, జ్ఞాపిక, పూలగుత్తి, గ్రూప్ ఫొటో, అన్నీ మామూలే. ఈసారి కొత్తగా ప్రతి టేబుల్ మీదా ఒక క్యూఆర్ కోడ్ పెట్టారు. ఫోన్‌తో స్కాన్ చేసి టీచరుగారికి రెండు ముక్కలు రాస్తే అవి స్టేజి మీది తెరపై పడతాయి. పడ్డాయి కూడా. "మీ నిస్వార్థ సేవ మా చిన్నారుల జీవితాల్లో భాషాదీపాలను వెలిగించింది" అని ఒక కుటుంబం. కాసేపటికి ఇంకో కుటుంబం నుంచి అవే దీపాలు. మూడోసారి కూడా వెలిగేసరికి ఇవి ఏఐ చేత రాయించినవని అర్థమై వెనక వరసల్లో నవ్వులు మొదలయ్యాయి.

టీచరుగారు మైకు అందుకుని, "ఒత్తు ఒక్కటి కూడా తప్పు పోలేదు. మా పిల్లలు రాసినవి కావని అక్కడే తెలిసిపోతోంది" అన్నారు. హాలంతా చప్పట్లు. ఎమ్సీగారు ఆలస్యం చేయకుండా తర్వాతి డాన్స్ ఐటమ్‌ని పిలిచేశారు.

చాలామంది దాన్ని జోకు అనుకున్నారు. నాకు మాత్రం ఆ మాట ముల్లులా గుచ్చుకుంది. ఏత్వానికీ ఐత్వానికీ తేడా ఎక్కడుందో, కొమ్ము ఎటు తిరగాలో చెయ్యి పట్టుకుని దిద్దించిన మనిషి ఆవిడ. అన్ని చేతులు పట్టుకున్నారు కదా, అందులో ఒక్క చెయ్యి కూడా ఆ రోజు ఆవిడ కోసం ఒక్క వాక్యం రాయలేదు.

కార్యవర్గం మీద విరుచుకుపడాలని ఇది రాయడం లేదు. హాలు బుకింగు, భోజనాలు, సౌండు, పార్కింగు, ఇవన్నీ ఉద్యోగాలు చేసుకుంటూ చూసుకునేవాళ్ళ మీద రాళ్ళు వేయడం తేలిక. కంప్యూటరంటే నాకు పడదనీ అనుకోకండి. తెరమీద తెలుగు కనపడాలని తాపత్రయపడింది మన తరమే. 90ల్లో ఆర్‌టీఎస్‌లో ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టుకుంటూ ఛందస్సు గురించి దెబ్బలాడుకున్నవాళ్ళు ఈ పత్రిక పాఠకుల్లో చాలామందే ఉన్నారు. తీరా అన్నీ అమిరాక మనం ఏం చేశాం? బాపుగారి చేతిరాతని ఫాంటు చేసుకుని శుభలేఖల మీద వేసుకుంటున్నాం. చేతిరాత మీద మోజు ఎక్కడికీ పోలేదు, అది మన చెయ్యి అయితేనే ఇబ్బంది.

నేను అమెరికా వచ్చిన కొత్తలో ఇంటి నుంచి ఏరోగ్రామ్‌లు వచ్చేవి. లేత నీలం రంగు పల్చటి కాగితం, మడతలు, గమ్ము పూసిన అంచులు. తొందరపడి చింపితే లోపలి రెండు వాక్యాలు చిరుగుతో పాటు పోయేవి. పైనుంచి కింద దాకా అంతా నాన్నగారి భాగం. ఆశీస్సులు, ఉభయకుశలోపరి, తర్వాత నంబర్లు వేసి విషయాలు: వర్షాలు, కౌలు డబ్బులు, బాబాయిగారి అమ్మాయి సంబంధం, ఇంటిపన్ను. చివరికి అమ్మకి మిగిలేది అంటించే రెక్క ఒక్కటే. అది అన్యాయమని మా ఇంట్లో ఎవరికీ తోచలేదు, అమ్మతో సహా. ఆ రెండంగుళాల్లో మొదలుపెట్టి, చోటు చాలక నాన్నగారి అక్షరాల పక్కనుంచి మార్జిన్‌లోకి ఎక్కి, పైదాకా వెళ్ళి, 'శ్రీరామ' పక్కన ఆగేది. కాగితం తిప్పుకుంటూ చదవాలి. ఒక్కోసారి ముఖ్యమైన కబురే చిట్టచివర, గమ్ము కింద ఉండిపోయేది.

ఒక ఉత్తరంలో ఆ రెక్క మీద "ఎప్పుడొస్తావు" అని రాసి, రెండు గీతలు పెట్టి కొట్టేసింది. పక్కన "సెలవు దొరికినప్పుడే రా, తొందరేం లేదు" అని రాసింది. పెన్ను గట్టిగా నొక్కిందేమో, గీతలు కాగితం వెనక వైపు ఉబ్బెత్తుగా తేలాయి. వాటి కింద మొదటి మాట చక్కగా కనిపిస్తూనే ఉంది. కొట్టేసిన మాటే ఆవిడ నాకు పంపిన ఉత్తరమని అప్పుడే అర్థమైంది.

ఇప్పుడు వాట్సాప్‌లో అమ్మ పేరు కింద 'టైపింగ్' అని వస్తుంది. ఆగుతుంది. మళ్ళీ వస్తుంది. చివరికి ఒక దండం బొమ్మ దిగుతుంది. మధ్యలో ఏం రాసి ఏం చెరిపిందో నాకెలా తెలుస్తుంది?

అలాగని ఆ రోజులు మళ్ళీ రావాలని నేను కోరుకోను. ఇవాళ అమ్మ మందులు వేసుకుందో లేదో వీడియోలో కళ్ళారా చూస్తున్నాను. అప్పట్లో జ్వరం కబురు చేరేసరికి జ్వరం తగ్గిపోయేది, కొన్నిసార్లు మనిషే దాటిపోయేవాడు. మూలలకి పసుపు ఉంటే పెళ్ళి, నలుపు ఉంటే చావు. ఆ నలుపు చూడగానే విప్పకముందే కాళ్ళు వణికేవి. గుట్టు అన్నమాటే లేదు. కోడలికి పుట్టింటి నుంచి ఉత్తరం వస్తే మామగారు చదివి తర్వాత ఆమె చేతికివ్వడం ఎన్నో ఇళ్ళలో రివాజు. ఉత్తరాల కాలం గురించి మన సంచికల్లో వచ్చే మురిపాల వ్యాసాల్లో ఈ ముచ్చట ఎందుకో కనపడదు.

మా అబ్బాయి ఇంకో మెలిక పెట్టాడు. "తాతగారి ఉత్తరాల్లో కూడా సగం అందరూ రాసేదే కదా నాన్నా? పెద్దలకు నమస్కారాలు, పిన్నలకు ఆశీస్సులు. ఏఐ రాసిన దీపాలకీ వాటికీ తేడా ఏముంది?" అన్నాడు. నిజమే, ఆ మాటలు ఎవరివీ కావు, తరతరాల అరువు. కానీ నాన్నగారి చివరి సంవత్సరాల్లో ఆ 'ఉభయకుశలోపరి' వరస మీద నిలబడేది కాదు, కుడివైపు వెళ్ళేకొద్దీ కిందికి జారేది. క్షేమమని రాసిన అక్షరాలే క్షేమం కాదని చెప్పేసేవి. ఫోనులో అడిగితే "బ్రహ్మాండంగా ఉన్నాను" అనేవారు. వాడు దీనికి ఏమీ అనలేదు. ఒప్పుకున్నట్టు కాదు లెండి, ఫోన్ మోగింది.

చేతిరాతకి సైన్సు ఆసరా కూడా ఉంది. 2024లో ప్రచురించిన ఒక అధ్యయనంలో నార్వేలోని ఎన్‌టీఎన్‌యూ విశ్వవిద్యాలయ పరిశోధకులు 36 మంది విద్యార్థుల తలలకి సెన్సర్లు అమర్చి చూశారు. చేత్తో రాస్తున్నప్పుడు మెదడులో భాగాల మధ్య సంధానం టైపు చేస్తున్నప్పటికంటే చాలా విస్తారంగా కనిపించింది. ఒకటి నుంచి ఆరో తరగతి దాకా కర్సివ్, అంటే ఇంగ్లీషు కలిపిరాత, నేర్పాలని కాలిఫోర్నియాలో చట్టం చేశారు, 2024 జనవరి నుంచి అది అమల్లో ఉంది. మనవాళ్ళ సంగతి తెలుసు కాబట్టి భయంగా ఉంది. బ్రెయిన్‌కి మంచిదని తెలిస్తే చాలు, చెస్‌కీ స్పెల్లింగ్ బీకీ మధ్యలో హ్యాండ్‌రైటింగ్ కోచింగ్ ఇరికించేస్తారు. నా గొడవ మెదడు గురించి కాదు, టీచరుగారి గురించి.

అసలు అడ్డం టెక్నాలజీ కాదని నా అనుమానం. అడ్డం నామోషీ. మన పిల్లవాడు 'కృతజ్ఞతలు'లో 'జ్ఞ' తప్పు రాస్తే, అది అందరి ముందూ తెరమీద పడితే, మన పరువేం కాను? మన చిన్నప్పుడు "కోడి కెలికినట్టుంది నీ రాత" అని వేళ్ళ మీద స్కేలుతో కొట్టించుకున్నవాళ్ళం. ఆ దెబ్బలు మంచికేనని ఇప్పటికీ వేదికల మీద చెప్పుకుంటూ ఉంటాం. ఆ మంచి ఫలితమే ఇది: పిల్లల వంకర అక్షరం బయటికి రానివ్వకుండా తల్లిదండ్రులమే ఫోన్ తీసుకుని దీపాలు వెలిగించేశాం. ఆవిడకి కావలసింది ఆ తప్పు 'జ్ఞ' అని మనకెందుకు తట్టలేదు? అది ఏ పిల్లదో పేరు చూడకుండానే చెప్పగలిగేవారు ఆవిడ.

అందుకని కార్యవర్గానికి ఒక విన్నపం. దీపావళి సభలో క్యూఆర్ కోడ్ ఉంటే ఉండనివ్వండి. చేతులు వణికే పెద్దవాళ్ళకి, ఊళ్ళో లేనివాళ్ళకి అది పనికొస్తుంది. రిజిస్ట్రేషన్ బల్ల పక్కనే ఇంకో బల్ల వేసి, తెల్ల కాగితాలు, పెన్నులు పెట్టండి. పోటీ పెట్టొద్దు, జడ్జీలు వద్దు, బహుమతులు అసలే వద్దు. తెలుగు రాయడం రాని పిల్లలు ఇంగ్లీషులో రాసి, కింద పేరు తెలుగులో పెట్టినా చాలు. అమ్మలూ నాన్నలూ దయచేసి రెండడుగులు దూరంగా నిలబడండి. టీచరుగారి కవరు సంగతి నేను చూసుకుంటాను. ఇండియాలో ఉన్న అమ్మమ్మకో తాతయ్యకో రాసినవి ఎవరి కాగితం వాళ్ళే పోస్టు చేసుకోవచ్చు. ఇక్కడి పోస్టాఫీసులో దొరికే గుండ్రటి గ్లోబల్ ఫరెవర్ స్టాంపు ఒకటి అంటిస్తే ఒక ఔన్సు దాకా ఉత్తరం ఏ దేశానికైనా వెళ్తుంది.

సంపాదకులకి కూడా ఒక మాట. తెలుగు సంఘాల కన్వెన్షన్ సావనీర్లలో గవర్నర్ల, సెనేటర్ల సందేశాలు లెటర్‌హెడ్‌తో, సంతకంతో సహా పేజీలకి పేజీలు వేస్తున్నాం. వాటిని వాళ్ళ ఆఫీసులో ఎవరు టైపు చేశారో మనకి తెలియంది కాదు. మన పత్రికలో సంచికకి ఒక్క పేజీ, పిల్లల చేతిరాత కాగితాలు స్కాన్ చేసి ఉన్నవి ఉన్నట్టు వేయండి. ఆ ఒక్క పేజీకి మాత్రం ప్రూఫులు దిద్దకండి.