ఆస్కార్ అసలు మారువేషం గౌనే

2025లో కొత్త యానిమే (జపాన్ యానిమేషన్) సినిమా రావడంతో, ఫ్రెంచి విప్లవ కాలం మీద రియోకో ఇకెదా గీసిన బొమ్మల కథ 'ది రోజ్ ఆఫ్ వెర్సాయ్' మళ్లీ చర్చలోకి వచ్చింది. మాటలన్నీ పాతవే: మగ దుస్తుల్లో అందగత్తె ఆస్కార్, ఆమె మీద మనసు పడ్డ ఆండ్రే, కన్నీళ్లు. షోజో మాంగాలో, అంటే అమ్మాయిల కోసం గీసే జపాన్ బొమ్మల కథల్లో, మారువేషం అనగానే ప్రేమకథలో ముడి బిగించడానికే అనుకుంటాం. నన్నడిగితే అది ఆస్తి తగాదా.

ఒసాము తెజుకా 1953లో మొదలుపెట్టిన 'రిబ్బన్ నో కిషి' చూడండి. అందులో రాజు కూతురు సఫైర్ యువరాజులా పెరిగింది ఎవరినో ప్రేమించి కాదు. సిల్వర్‌లాండ్ చట్టం ఆడపిల్లకు సింహాసనం ఇవ్వదు, దాని మీద డ్యూక్ డ్యురాలుమిన్ కన్నుంది. అంతే. ఇంటి పెత్తనం పెద్దకొడుక్కే కట్టబెట్టిన పాత పౌరచట్టాన్ని జపాన్ సవరించి అప్పటికి ఆరేళ్లే అయింది. ఆ కథ అచ్చయిన పత్రిక చదివిన అమ్మాయిల తల్లులు పాత చట్టం నీడలో పెళ్లాడినవాళ్లు. రియోకో ఇకెదా రాసిన 'ఆర్ఫియస్ నో మాదో'లోనూ అంతే. జూలియస్‌ను తల్లి కొడుకుగా పెంచింది సంపన్న కుటుంబపు వారసత్వం కోసమే.

ఇకెదాకే పేరు తెచ్చిన 'ది రోజ్ ఆఫ్ వెర్సాయ్' (1972-73)లోని ఆస్కార్ మగవాడిగా నటిస్తుందన్న అపోహ మాత్రం వదల్లేదు. ఆమె ఎవరినీ మోసం చేయదు. ఆడమనిషని ఫ్రాన్స్ రాణి మేరీ ఆంటోయినెట్‌కు తెలుసు, సైనికులకూ తెలుసు. కొడుకు లేని ఆమె తండ్రి, ఒక జనరల్, ఆరో కూతురైన ఆమెను వారసుడి స్థానంలో నిలబెట్టాడు. యూనిఫాం ఆమె ఉద్యోగం. కథ మొత్తంలో ఆమె నిజంగా వేషం కట్టేది తాను మనసుపడ్డ ఫెర్సెన్‌తో నాట్యం చేయడానికి గౌను తొడుక్కుని, పేరు చెప్పకుండా వెళ్లిన రాత్రే. తన స్నేహితురాలేనని ఫెర్సెన్‌కు కూడా వెంటనే తట్టదు. ఎంత గడుసు ఊహ! ఆడమనిషి ఆడ దుస్తులు వేసుకోవడమే మారువేషం అయింది. తర్వాత తండ్రి పెళ్లి సంబంధం కోసం విందు ఏర్పాటు చేస్తే సైనిక దుస్తుల్లోనే వచ్చి చెడగొట్టింది. 1789 జూలైలో హోదా వదిలేసి, జనం పక్షాన బాస్టీల్ కోట దగ్గర ప్రాణమిచ్చింది. తండ్రి చేతికిచ్చిన కత్తి ఎవరి మీద దూయాలో ఆమే తేల్చుకుంది.

ఇదంతా తెజుకా చిన్నప్పుడు చూసిన తకరజుకా నాటకాల (మగ పాత్రలూ ఆడవాళ్లే వేసే నాటకాల) మోజేనని, సఫైర్ చివరికి ఫ్రాంజ్‌ను పెళ్లాడి సర్దుకుంటుందని అనేవాళ్లున్నారు. సఫైర్ వరకు ఒప్పుకుంటాను. ఒక అమ్మాయి అబ్బాయి వేషంలో మగపిల్లల స్కూల్లో చేరే మాంగా, 1996లో మొదలైన 'హనా కిమి' అయితే మారువేషాన్ని మగపిల్లల హాస్టల్ గదికి కుదించేసింది. నేనూ నవ్వుకుంటూ చదివాను, కానీ దొరికిపోతే అక్కడ పోయేది స్కూలు సీటే.

సిల్వర్‌లాండ్ చట్టం కల్పన అనుకునేవాళ్లు టోక్యో వైపు చూడాలి. 1947 నాటి రాజకుటుంబ చట్టం ప్రకారం సింహాసనం మగ సంతతిలోని మగవాడికే. నరుహితో చక్రవర్తి ఒక్కగానొక్క కూతురు ఐకో 2001లో పుట్టింది. ఆడపిల్లలకూ హక్కు ఇవ్వాలని 2005లో ప్రభుత్వ నిపుణుల సంఘమే సూచించింది. మరుసటి ఏడాది ఆమె బాబాయికి కొడుకు పుట్టాడు, ఫైలు అటకెక్కింది. ఎనిమిది మంది స్త్రీలు ఏలిన గద్దె అది! ఈ చట్టం మార్చమని 2024లో ఐక్యరాజ్యసమితి మహిళా వివక్ష నిర్మూలన కమిటీ సిఫారసు చేస్తే జపాన్ ప్రభుత్వం మండిపడింది. తామిచ్చే స్వచ్ఛంద విరాళాలను ఆ కమిటీ పనులకు వాడొద్దని 2025 జనవరిలో చెప్పేసింది.