మూగ కాదు, మోగ్

కీబోర్డు వాయించే మిత్రుడొకడు చాలా ఏళ్ల క్రితం ఒక చమత్కారం విసిరాడు. "ఏమైనా చెప్పరా, వాద్యానికి మూగ అని పేరు పెట్టుకున్నవాళ్ల గుండె ధైర్యం మెచ్చుకోవాలి" అన్నాడు. విద్యుత్తుతో ధ్వని పుట్టించే సింథసైజర్ల చరిత్రలో మొట్టమొదట చెప్పుకోవలసిన ఆ అమెరికన్ పేరును వాడు "మూగ్" అని పలికేవాడు. ఆ రోజు నేనూ నవ్వాను. ఇన్నేళ్లలో అదే చమత్కారం వేర్వేరు నోళ్ల వెంట ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు గాని, విన్న ప్రతిసారీ నాకు కొంచెం చిరాకు పెరుగుతూ వచ్చింది. నవ్వు మీద నాకు కోపం లేదు. ఆ నవ్వు తప్పు ఉచ్చారణ మీద నిలబడి ఉందని, ఉచ్చారణ సరిచేసుకుంటే ఇంతకంటే గొప్ప చమత్కారం చేతికి వస్తుందని ఎవరూ పట్టించుకోకపోవడమే నా బాధ.

ఆ పేరును "మోగ్" అనాలి. వోగ్ పత్రిక పేరుతో ప్రాస కుదరాలి. ఆ వాద్యాలు రూపొందించిన రాబర్ట్ మోగ్ స్వయంగా అలాగే పలికేవారు. ఇంగ్లీషు అక్షరాల్లో ఎమ్ తరువాత రెండు ఓలు కనబడగానే మనం ఊకారం తీస్తాం. జర్మన్, డచ్ భాషల రాతలో ఆ రెండు ఓలూ దీర్ఘమైన ఓకారమే. ఇదే పొరపాటు మనం ఇద్దరు అమెరికా అధ్యక్షుల విషయంలోనూ చేశాం. ఆ కుటుంబం తమ డచ్ ఇంటిపేరును రోజ్‌వెల్ట్ అని పలుకుతుంటే, మన పాఠ్యపుస్తకాలూ పత్రికలూ రూజ్‌వెల్ట్ అనే రాస్తూ వచ్చాయి. అధ్యక్షుల పేర్లనే సరిగా పలకలేదు, వాద్యాలు చేసేవాడి పేరు ఒక లెక్కా అని సరిపెట్టుకోవచ్చు. కానీ తెలుగువాడికి ఈ పేరు విషయంలో మిగిలిన ప్రపంచానికి లేని ఒక సౌకర్యం ఉంది.

మోగు అంటే మనకు ధ్వనించడం. గుడిలో గంట మోగుతుంది, పెళ్లిలో డోలు మోగుతుంది, జేబులో ఫోను మోగుతుంది. ధ్వనిని పుట్టించే యంత్రానికి ఇంతకంటే తగిన పేరును మన పండితులందరూ కూర్చుని నెల రోజులు ఆలోచించినా పెట్టలేరు. అంటే సరిగా పలికితే ఆ పేరు తెలుగులో "ధ్వనించు" అవుతుంది, తప్పుగా పలికితే మాట లేనిది అవుతుంది. ఒక్క గుడి దీర్ఘమో కొమ్ము దీర్ఘమో తేడాతో ఒకే పేరు రెండు వ్యతిరేకార్థాల మధ్య ఊగే ఉదాహరణ నాకు మరొకటి తెలియదు. (గుడి దీర్ఘం కాదు, ఓత్వం అనాలి, చిన్నప్పటి తెలుగు మాస్టారు గుర్తుకొచ్చి దిద్దుకుంటున్నాను.) ఇది చాలదన్నట్టు మూగు అనే క్రియ ఒకటి ఉంది. బెల్లం చుట్టూ ఈగలు మూగుతాయి, కొత్త వాద్యం కొన్నవాడి చుట్టూ కుర్రాళ్లు మూగుతారు.

అసలు విశేషం ఏమిటంటే, మన మూగకూ మన మోగుకూ కూడా ఒకదానితో ఒకటి సంబంధం లేదు. మూగ సంస్కృతంలోని మూక శబ్దం నుంచి వచ్చింది. మోగు అచ్చతెలుగు మాట. దాని పాత రూపం మ్రోగు, మోతకు పాత రూపం మ్రోత. మ్రోగులోని రేఫ కాలక్రమంలో జారిపోవడం వల్లే ఆ మాట మూగకు ఇంత దగ్గరగా వచ్చి నిలబడింది. వెయ్యేళ్ల కిందటి తెలుగువాడికి ఈ చమత్కారం ఇంత సులభంగా తట్టి ఉండేది కాదు.

ఇక్కడి దాకా చెబితే అందరూ సంతోషిస్తారు. తరువాతే ఎవరో ఒకరు లేచి, "చూశారా, ఆ మాట మన దగ్గర నుంచే వెళ్లింది" అంటారు. ఈ పోస్టు రాయడానికి అసలు కారణం ఆ మాటే. మోగ్ అనేది ఒక కుటుంబం పేరు. 1934లో న్యూయార్క్ నగరంలో పుట్టిన రాబర్ట్, ఇరవయ్యేళ్లు వచ్చే వేళకు తండ్రితో కలిసి, చేత్తో తాకకుండా గాలిలో చేతులు కదిపి వాయించే థెరెమిన్ వాద్యాలను తయారుచేసి అమ్మడం మొదలుపెట్టి, ఆ వ్యాపారానికి తన పేరే పెట్టుకున్నారు. సింథసైజర్ వచ్చింది ఆ తరువాత సుమారు పదేళ్లకు, 1964లో, హెర్బర్ట్ డాయిచ్ అనే స్వరకర్తతో కలిసి పనిచేసినప్పుడు. ధ్వని గురించి ఆలోచించి ఎవరూ ఆ పేరు పెట్టలేదు. ఒక మాట ఒక భాష నుంచి మరో భాషకు వెళ్లిందంటే దారి చూపించాలి: ఎవరు తీసుకెళ్లారు, ఎప్పుడు, మధ్యలో ఏ రూపాల్లో కనబడింది అని. దారి లేకుండా పోలిక మాత్రమే చూపితే, ఉత్తర క్వీన్స్‌లాండ్‌లోని ఆదివాసుల భాష అయిన మ్బబరంలో కుక్కను ఇంచుమించు ఇంగ్లీషువాళ్లలాగే "డాగ్" అనేవారు కాబట్టి ఆ రెండు భాషలూ అక్కచెల్లెళ్లని కూడా ఒప్పుకోవలసి వస్తుంది. ఒక హల్లు, ఒక దీర్ఘాచ్చు, మళ్లీ ఒక హల్లు ఉన్న చిన్న మాటలు ప్రపంచంలోని వేల భాషల్లో ఎక్కడో ఒకచోట ఢీకొనకపోతేనే ఆశ్చర్యపడాలి.

యమహా సంగతీ అంతే. యముడికీ ఆ కంపెనీ పెట్టినవాడికీ చుట్టరికం లేదు. 1887లో హార్మోనియం లాంటి రీడ్ ఆర్గన్ పనితో మొదలుపెట్టిన తొరకుసు యమహా ఇంటిపేరును రాసే జపాను అక్షరాలకు అర్థం కొండ, ఆకు. మనం మాత్రం "యమ స్పీడు" అని ఆ బండి మీద వెళ్తూనే ఉంటాం.

అయినా నాకు మోగ్ పేరు మీద ఉన్న మమకారం యమహా మీద లేదు. దానికి కొంత రాబర్ట్ మోగ్ జీవితం కారణం. 1971లో కంపెనీ చేతులు మారింది. 1977లో ఆయన దాన్ని విడిచిపెట్టారు. మరుసటి ఏడాది బిగ్ బ్రయర్ అనే వేరే పేరుతో మళ్లీ వాద్యాలు చేయడం మొదలుపెట్టినా, తన కంపెనీకి తన ఇంటిపేరు తిరిగి పెట్టుకోగలిగింది 2002లోనే. 2005లో కన్నుమూశారు.

మరో కారణం ఆ యంత్రంలోనే ఉంది. 1970లో వచ్చిన మినీమోగ్‌ను తీసుకోండి. నలభై నాలుగు మీటలు, కంపనాలు పుట్టించే ఆసిలేటర్లు మూడు, ఒకసారికి ఒకే స్వరం. మన హార్మోనియంలో తిత్తి ఆడించి గాలి పంపితే గాని రీడు కదలదు. ఇక్కడ అలా కాదు. స్విచ్ వేసిన క్షణం నుంచి ఆసిలేటర్లు లోపల ఆగకుండా కంపిస్తూనే ఉంటాయి. చివర ఉన్న యాంప్లిఫయర్ మాత్రం దారి మూసి ఉంచుతుంది. మీట నొక్కినప్పుడు అందిన వోల్టేజీతో ఆ దారి తెరుచుకుంటుంది, వేలు తీస్తే మళ్లీ మూసుకుంటుంది. అంటే ఆ పెట్టె లోపల ఎప్పుడూ మోగుతూనే ఉంటుంది, బయటికి మాత్రం మూగగా ఉంటుంది. ఇది కూడా కాకతాళీయమే అని నాకు తెలుసు. పైన అంత ఉపన్యాసం ఇచ్చిన తరువాత నేనే దీనికి లొంగిపోతే బాగుండదు.

ఈ సంగతంతా ఆ పాత మిత్రుడికి ఓపికగా వివరించాను. వాడు అంతా విని, "అయితే మీట నొక్కేదాకా అది మూగేనని నువ్వే ఒప్పుకున్నావు కదరా" అన్నాడు. ఉచ్చారణ మాత్రం ఇంకా మార్చుకోలేదు.