‘దావలోనే కదా’ గారికి

మహారాజశ్రీ ‘దావలోనే కదా’ గారి సముఖమునకు,

కర్నూలు నుంచి ఒక కారు ఓనరు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీ క్షేమం అడగను. మా సీమలో దావ అంటే దారి. ఈ పొద్దు కూడా మా అమ్మ నోట మీ గొంతు విన్నాను, నిక్షేపంగా ఉన్నారు.

నన్ను మీరు గుర్తుపట్టకపోవచ్చు. ఎండాకాలం సెలవుల్లో మీకు రోజూ వందల కార్లు తగులుతుంటాయి. మే నెల రెండో శనివారం పొద్దున ఐదున్నరకు అనంతపురం పోదామని ఇంటి నుంచి బయల్దేరి, ఆదివారం రాత్రి ఏడింటికి అనంతపురం చేరినవాడిని నేనే. ఆ రెండు ఊళ్ల మధ్య దూరం 150 కిలోమీటర్లు. 44వ నంబరు జాతీయ రహదారి ఎక్కితే డోన్, గుత్తి, పామిడి, అనంతపురం. స్టీరింగు గట్టిగా తిప్పాల్సిన పని కూడా ఉండదు. ఎక్కడా ఆగకపోతే రెండున్నర గంటలు, టీకి ఆగితే మూడు. నాకు ముప్ఫై ఏడున్నర గంటలు పట్టింది. బండి చెడిపోలేదు, టైరు పంక్చరు కాలేదు. మీరు తగిలారు, అంతే.

ఇక్కడి నుంచి నిన్ను ‘నువ్వు’ అంటాను, ఏమీ అనుకోవద్దు. మూడు రోజులు మా కారులో మాతోపాటు తిరిగినవాళ్లను మా ఇంట్లో ‘మీరు’ అనరు.

అసలు ప్లాను చిన్నది. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ (ఎస్కేయూ) హాస్టల్లో నాతో ఒకే గదిలో ఉన్న స్నేహితుడొకడు బెంగళూరులో ఉద్యోగం. నెలకోసారి అనంతపురం వస్తాడు. మూడేళ్లుగా ‘కలుద్దాం రా’ అని ఫోనులో చెప్పుకోవడమే. ఈసారి నేను సోమవారం లీవు పెట్టాను. శనివారం పొద్దున టిఫిన్ వాడింట్లో, ఆదివారం సాయంత్రానికి ఇంటికి, సోమవారం నిద్ర. శుక్రవారం రాత్రి బ్యాగులు సర్దుతుంటే అమ్మ వచ్చి మంచం అంచున కూర్చుంది. అమ్మ మంచం అంచున కూర్చుందంటే ఏదో ఒకటి ఉందని నాకు చిన్నప్పటి నుంచి తెలుసు.

“నంద్యాలలో చిన్నమ్మను చూసి పోండి. మోకాళ్ల నొప్పులంట పాపం. దావలోనే కదా.”

నేను ఫోనులో మ్యాప్ తీశాను. “అమ్మా, ఇదిగో కర్నూలు. అనంతపురం ఇటు. నంద్యాల అటు. రెండు వేరే వేరే రోడ్లు.” అమ్మ కళ్లద్దాలు పైకి జరిపి చూసింది. “రెండూ కిందకే కదా ఉండాయి” అంది.

దీనికి నా దగ్గర జవాబు లేదు. నీ దగ్గర ఉంటే పంపు.

నీ పని తీరు మీద నేను కొంత ఆలోచించాను. అనంతపురం రోడ్డు ఒకప్పుడు 7వ నంబరు, ఇప్పుడు 44. నంద్యాల, కడప రోడ్డు 18గా ఉండేది, 40 అయింది. నంబర్లు మారాయి, నువ్వు మారలేదు. 2022 ఏప్రిల్ 4న నంద్యాల ఏకంగా వేరే జిల్లా అయి కూర్చుంది. అమ్మ లెక్కలో అది ఇంకా మా ఇంటి వెనక వీధే. ఎందుకంటే నీ భాషలో దావ అంటే రోడ్డు కాదు. ఏ ఊళ్లో మనవాళ్లుంటే అది దావ, లేకపోతే అడవి. గుత్తిలో మాకెవ్వరూ లేరు. అందుకని అంత పెద్ద కోట హైవే మీదికి కనపడుతున్నా, గుత్తి మా అమ్మకు ఏ దావలోనూ తగలదు.

1800లో నిజాం ఈ సీమను ఇంగ్లీషువాళ్లకు అప్పజెప్పాక, 1807 దాకా దత్తమండలాల పెద్ద కలెక్టరుగా ఉన్న మన్రో దొర, గుడారాలు వేసుకుంటూ ఊరూరా తిరిగాడని చెబుతారు. ఏడేళ్లలో పని ముగించాడంటే కారణం ఒకటే. ఆయనకు ఇక్కడ మేనత్తలు లేరు.

సరే, నంద్యాల. ఓర్వకల్లు రాళ్ల మధ్య ఎండ అప్పుడే పైకొస్తోంది. నన్నూరు టోల్ గేటు దగ్గర నా ఫాస్టాగ్ కీచుమంది. 2025 ఆగస్టు 15న వచ్చిన వార్షిక పాసు కొన్నాను నేను. నేను కొన్నప్పుడు 3000 రూపాయలకు 200 ట్రిప్పులు. ఒక్కో గేటు దాటితే ఒక ట్రిప్పు తెగుతుంది. డబ్బు ఆదా అవుతుందని అమ్మకు చెప్పడం నా జీవితంలో చేసిన పెద్ద తప్పుల్లో ఒకటి. అప్పటి నుంచి ఆమె దృష్టిలో నాకు రెండు వందల సార్లు చుట్టాలింటికి పోయే టికెట్లు ఉన్నాయి.

చిన్నమ్మ మోకాళ్ల నొప్పులతో వాకిట్లోకి పరుగెత్తుకుంటూ వచ్చింది. “టిఫిన్ తిని పోండి, ఆపను” అంది. ఉగ్గాని, మిరపకాయ బజ్జీ. బొరుగుల్లో నిమ్మరసం సరిగ్గా పడింది, పుట్నాల పొడి వేళ్లకు అంటుకుంటోంది. నీ మీద ఎంత కోపమున్నా ఆ ఉగ్గాని మీద అబద్ధం ఆడలేను, రెండు ప్లేట్లు తిన్నాను. ఎనిమిదిన్నరకు లేచాం. పది నలభైకి బయటపడ్డాం. ఆ మధ్య రెండు గంటలు ఏమయ్యాయో నాకు ఇప్పటికీ తెలియదు. కాఫీ, ఆ తర్వాత ఎదురింటి వాళ్లు, ఆ తర్వాత వాళ్లింట్లో మజ్జిగ.

కారెక్కేటప్పుడు డబ్బా వచ్చింది.

ఐదు కిలోల స్టీలు డబ్బా. మూత మీద చిన్నాయన పేరు, గృహప్రవేశం తేదీ, చిన్న కలువపువ్వు చెక్కించి ఉన్నాయి. లోపల కొత్తావకాయ. మూత కింద ఒక కవరు, పైన ఒక కవరు, దాని చుట్టూ పాత లుంగీ గుడ్డ, ఆ గుడ్డ చుట్టూ నాలుగు రబ్బరు బ్యాండ్లు. “అనంతపురంలో మీ చెల్లెలికి ఇచ్చేయ్ నాయనా. దావలోనే కదా.” ఇది ఒక్కటీ నిజంగానే దావలో ఉందని సంతోషించాను. డబ్బాతో పాటు ఒక పెట్టె బేనీషా మామిడికాయలు కూడా డిక్కీలోకి ఎక్కాయి. బనగానపల్లె పక్కనే కదా అంది చిన్నమ్మ. నీ చెల్లెలు ‘పక్కనే కదా’ కూడా అక్కడే ఉంటుందని నాకు అప్పుడు తెలిసింది.

ఇప్పుడైనా వెనక్కి తిరిగితే మధ్యాహ్నానికి అనంతపురంలో ఉండేవాళ్లం. కానీ నంద్యాల వాకిట్లోనే మా ఆవిడ లెక్క సరిచేసింది. “మీ చిన్నమ్మ ఇల్లు దావలో ఉంటే, కడపలో మా పెద్దమ్మ ఇల్లు దావలో ఉండదా?” ఇది ప్రశ్న కాదు, తీర్పు. పైకోర్టు లేదు.

నంద్యాల నుంచి ఆళ్లగడ్డ, మైదుకూరు మీదుగా కడప. ఎడమ పక్క నల్లమల మాతోపాటే వస్తోంది. ఏసీ నాలుగు మీద పెట్టినా డాష్‌బోర్డు పెనంలా ఉంది. ఈ దోవలోనే కె.సి. కాలువ, అంటే కర్నూలు-కడప కాలువ కూడా ఉంది. సుంకేసుల దగ్గర తుంగభద్ర నీళ్లు ఎత్తుకుని, ఇటువైపు నుంచే కడప దాకా పోవాలి దాని ప్లాను. చివరికి ఎన్ని నీళ్లు చేరతాయో ఆ చివర రైతులను అడగాలి. పాపం దానికీ దావలో చుట్టాలు ఎక్కువే.

ఆళ్లగడ్డ దగ్గర అహోబిలం బోర్డు కనపడింది. తొమ్మిది మంది నరసింహస్వాములు. పోదామా అని మా ఆవిడ వైపు చూశాను, ఆమె నా వైపు చూసింది. ఇద్దరం దండం పెట్టుకుని ముందుకు పోయాం. దేవుడైతే క్షమిస్తాడు, కడప పెద్దమ్మ క్షమించదు.

కడపలో ఆ రోజు 43 డిగ్రీలు. పెద్దమ్మ వాళ్లింటి ముందు పరిచిన నాపరాళ్ల మీద చెప్పుల్లేకుండా నాలుగడుగులు వేసి నేను చేసిన నాట్యం చూసి ఇంట్లోవాళ్లంతా సంతోషించారు. “కాసేపు కూచ్చుని పోదురులే” అన్నారు. ఆ కాసేపు మర్నాడు పొద్దున తొమ్మిది దాకా సాగింది. సాయంత్రం మిద్దె మీద బిందెలతో నీళ్లు చల్లారు. ఆవిరి లేచింది. చీకటి పడ్డాక చాపలు పరిచారు. పదకొండింటికి సంగటి, నాటుకోడి పులుసు. ముద్ద నడుమ బొటనవేలితో గుంత చేసి నెయ్యి పోసింది పెద్దమ్మ. రెండో ముద్దకు నేను విస్తరాకు మీద చెయ్యి అడ్డం పెట్టాను. ఆమె నా చెయ్యిని చూసింది. చెయ్యి మీదే ముద్ద పెట్టేట్టుందని తీసేశాను.

అక్కడ మా పాప సంగతి కూడా చెప్పాలి. దానికి తొమ్మిదేళ్లు. ప్రతి ఇంట్లో ప్రతి ఒక్కరూ “ఏం చదువుతాండావమ్మా?” అని అడిగారు. నంద్యాలలో “నాలుగు” అంది. ఎదురింట్లో “నాలుగు” అంది. కడపలో ఆరో మనిషి అడిగేసరికి “ఇంజనీరింగ్” అని చెప్పి లోపలికి పోయింది. ఆయన తల ఊపాడు, “ఏ బ్రాంచి?” అన్నాడు.

తాడిపత్రి గురించి ఎక్కువ రాయను. ఎర్రగుంట్ల, ముద్దనూరు మీదుగా పోయాం. మా మామ వరుస ఆయన ఒకాయన హైవే మీదికే వచ్చి నిలబడ్డాడు. “ఇంట్లోకి రావద్దులే, కారు చూసి పంపిస్తా” అన్నాడు. కారు చూడటానికి ఐదు గంటలు పట్టింది, మధ్యలో భోజనం ఉంది.

అనంతపురం క్లాక్ టవర్ కనపడేసరికి ఆదివారం రాత్రి ఏడు. కారు మీటరు దాదాపు 370 తిరిగింది. నా స్నేహితుడు బ్యాగు భుజాన వేసుకుని ఇంటి గేటు దగ్గర ఉన్నాడు. సోమవారం డ్యూటీ, తొమ్మిదింటికి బస్సు. శనివారం నుంచి మా కోసం తెచ్చిన టిఫిన్లు మూడుసార్లు వాళ్లే తిన్నారట. మూడేళ్ల మాటలు మేం బస్సు స్టాపులో నలభై నిమిషాల్లో మాట్లాడుకోవాలి. అందులో పదిహేను నిమిషాలు నువ్వే తీసుకున్నావు, మేమెక్కడెక్కడ ఆగామో చెప్పాను. వాడు విని, విని, బస్సెక్కుతూ కిటికీలోంచి అన్నాడు: “ఇంతదూరం వచ్చినావ్, బెంగళూరు కూడా వచ్చి పోరా. దావలోనే కదా.”

ఇంకో రెండు వందల కిలోమీటర్ల పైన. అది కూడా కిందకే ఉంది, నిజమే.

ఆ రాత్రి స్నేహితుడి ఇంట్లో, స్నేహితుడు తప్ప మిగతా అందరితో కలిసి భోంచేశాం. అంతకు ముందు డబ్బా ఇద్దామని చెల్లెలి ఇంటికి పోయాను. తాళం. ఫోన్ చేశాను.

“అన్నా, మేము మీ ఇంట్లోనే ఉన్నాం! హైదరాబాద్ పోతా, కర్నూలు దావలోనే కదా అని ఆగినాం. పెద్దమ్మ పొద్దున్నుంచి వదలడం లేదు. ఇప్పుడే బక్షాలు చేసింది. మీరెక్కడున్నారు?”

నేను వాళ్ల గేటు ముందు, చేతిలో ఐదు కిలోల ఆవకాయతో నిలబడ్డాను. మరోసారి ఆలోచించుకున్నాను. అనంతపురం నుంచి హైదరాబాదుకు పోతుంటే కర్నూలు నిజంగానే దావలో ఉంది. డబ్బా సంగతి పక్కన పెడితే, మూడు రోజుల్లో నువ్వు నిజం చెప్పింది ఆ ఒక్కసారే. ఆ రోజు మేం ఇంట్లో లేం.

సోమవారం డోన్ మీదుగా నేరుగా వచ్చేశాం. రెండు గంటల నలభై నిమిషాలు. ఇంత దగ్గరా అని మా పాప ఆశ్చర్యపోయింది. చెల్లెలు వాళ్లు తెల్లవారకముందే హైదరాబాద్ పోయారు. డిక్కీ తెరిస్తే రబ్బరు బ్యాండ్లు నాలుగింటిలో రెండు తెగిపోయి, లుంగీ గుడ్డ ఎర్రగా ఉంది. నూనె మ్యాట్ మీదికి దిగి, స్టెప్నీ దాకా పోయింది. ఇప్పుడు కారులో ఏసీ వేస్తే ముందు ఆవకాయ వాసన వస్తుంది, ఆ తర్వాతే చల్లదనం. ఆఫీసులో నాతోపాటు కారులో వచ్చే ఇద్దరూ రోజూ మధ్యాహ్నం భోజనానికి తొందరపడుతున్నారు.

అమ్మ ఏమీ అనలేదు. చెల్లెలు వచ్చేటప్పుడు తీసుకుంటుందని ఆవకాయ జాడీలోకి మార్చింది. డబ్బా శీకాయ పొడితో తోమింది, ఎండలో ఆరబెట్టింది. చిన్నమ్మ ఫోన్ చేసి ముందు ఆవకాయ ముట్టిందా అని అడిగి, తర్వాత అసలు విషయం అడిగింది: “డబ్బా గృహప్రవేశానిది నాయనా. జాగ్రత్త.”

ఖాళీ డబ్బా వెనక్కి పంపకూడదని నీకు నేను చెప్పాల్సిన పని లేదు. ఈ పొద్దు చూస్తే డబ్బా మళ్లీ నిండుగా ఉంది. అడుగున బక్షాలు, పైన మురుకులు, మూత కింద ఒక కవరు, పైన ఒక కవరు, కొత్త రబ్బరు బ్యాండ్లు. ఎవరు తీసుకుపోతారమ్మా అని అడిగాను.

“ఆదివారం డోన్‌లో మీ ఆఫీసాయన కూతురి పెళ్లుంది కదా” అంది.

నేను మ్యాప్ తీయలేదు.

ఇట్లు,
కారు తాళాలు ఇంకా చేతిలోనే ఉన్న
నీ విధేయుడు, కర్నూలు